మేక ముందు మైకు
(జర్నలిజం విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. "పత్రికలు, వ్యంగ్యం" అని ఆహ్వానపత్రంలో వేశారు. అంత పెద్ద విషయాన్ని గంటలో ముట్టుకునే ధైర్యం నాకు లేదు. అందులో ఒక్క ముక్క తీసుకుంటాను. సంచలన వార్తను వ్యంగ్యం ఎక్కడ పట్టుకుంటుంది, ఎక్కడ పట్టు తప్పి దాని ఒళ్లోనే పడుతుంది, ఇదీ ఇవాళ నా మాట. చాలాకాలం పత్రిక డెస్కులో కూర్చుని శీర్షికలు పెట్టినవాడిని కాబట్టి వార్త ఎక్కడ పొంగుతుందో నాకు కొంత తెలుసు.

ముందుగా ఒక వార్త చదువుతాను. ఇది నేను కల్పించినది. దయచేసి ఎవరూ రికార్డు చేసి గ్రూపుల్లో పెట్టకండి, సాయంత్రానికల్లా నిజమైపోతుంది. వార్త ఇది: ఒక మండల కేంద్రంలో తహసీల్దారు కార్యాలయం గేటు ముందు ఉదయం పదిన్నరకు ఒక మేక వచ్చి నిలబడింది. పదకొండింటికి వెళ్లిపోయింది. అంతే. మామూలు రోజుల్లో ఇది జిల్లా పేజీలో ఖాళీ పూరించడానికి కూడా పనికిరాదు.

ఇదే మేక ఇరవై నాలుగు గంటల ఛానల్‌కి దొరికిందనుకోండి. తెర కింద ఎర్ర పట్టీ: "తహసీల్దారు ఆఫీసు వద్ద మేక కలకలం". మేక చుట్టూ ఎర్ర వలయం. తెరంతా మేకే ఉంటుంది, అయినా మనకు కనబడదేమోనని పక్కన ఒక బాణం. వెనక నుంచి డప్పుల మోత. యాంకర్ అడుగుతుంది: "అసలు ఈ మేక ఎవరిది? ఎందుకు వచ్చింది? దీని వెనక ఎవరున్నారు?" దాని వెనక ప్రహరీ గోడ ఉంది. ఫోన్ లైనులో ఊరి విలేఖరి, అదే స్ట్రింగర్: "ప్రస్తుతానికైతే పరిస్థితి అదుపులోనే ఉంది. మేక అటూ ఇటూ చూస్తోంది. దీనిపై అధికారులెవరూ ఇంతవరకూ స్పందించలేదు." అధికారులు ఇంకా ఆఫీసుకే రాలేదు, ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. రాత్రి తొమ్మిదింటికి చర్చ. నాలుగు కిటికీల్లో అధికార పక్షం, ప్రతిపక్షం, రాజకీయ విశ్లేషకుడు, వాస్తు పండితుడు. "మేక మౌనం దేనికి సంకేతం?" ఈశాన్యం నుంచి వచ్చింది కాబట్టి శుభమేనని పండితుడు. చివరికి యాంకర్: "మేక మళ్లీ వస్తుందా, రాదా అన్నది వేచి చూడాల్సిందే."

నవ్వారు, సంతోషం. కానీ ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. ఆ వార్తలో అబద్ధం ఎక్కడుంది? మేక వచ్చింది, నిజం. అటూ ఇటూ చూసింది, నిజం. అధికారులు స్పందించలేదు, అదీ నిజమే. వాక్యం వాక్యం విడదీసి మీ ఫ్యాక్ట్‌చెక్ బల్ల మీద పెడితే ఒక్కదాన్నీ తప్పు పట్టలేరు. అబద్ధమంతా గొంతులో ఉంది, డప్పులో ఉంది, బాణంలో ఉంది. చిన్నదాన్ని పెద్దది చేసిన ఆ కొలత అబద్ధం. కొలత మీద ఖండన ప్రకటన ఇవ్వడానికి ఎవరికీ వీలు కాదు. దాన్ని పట్టి చూపించే సాధనం నాకు తెలిసినంతలో నవ్వు ఒక్కటే. అందుకే ఈ పనికి వ్యంగ్యం కావలసి వచ్చింది.

ఈ కిటుకును టెలివిజన్‌లో అందరికన్నా బాగా పట్టుకున్నది బ్రిటన్ వాళ్లని నా అభిప్రాయం. 1994లో బీబీసీ రెండో ఛానల్‌లో "ది డే టుడే" అని ఆరు భాగాల కార్యక్రమం వచ్చింది. అంతకుముందు రేడియోలో "ఆన్ ది అవర్" పేరుతో నడిచిన హాస్యానికి అది టీవీ రూపం. క్రిస్ మోరిస్, ఆర్మాండో ఇయానూచీ దాని సృష్టికర్తలు. మోరిసే యాంకర్. కోటు, టై, ఎదుటివాణ్ణి కొరికేసేటట్టు చూపు. మూడేళ్ల కిందటే గల్ఫ్ యుద్ధాన్ని ప్రపంచం అమెరికా వార్తా ఛానల్ సీఎన్ఎన్‌లో ప్రత్యక్షంగా చూసి ఉంది. యుద్ధానికి కూడా సంగీతం, బొమ్మలు, పేరు పలక ఉంటాయని జనం అప్పుడే నేర్చుకున్నారు.

అందులో ఒక భాగం గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఆస్ట్రేలియాకు, హాంకాంగ్‌కు మధ్య వాణిజ్య ఒప్పందం కుదిరిందని మంచి వార్త. రెండు పక్కల ప్రతినిధులూ తెర మీద ఉన్నారు, ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. యాంకర్‌కు ఆ సంతోషమే గిట్టలేదు. ఒకరిని అడుగుతాడు: అవతలివారు మాట తప్పితే? తప్పరండీ. ఒకవేళ తప్పితే? అప్పుడు ఏదో ఒక చర్య తీసుకోవలసి ఉంటుంది. వెంటనే రెండోవాడి వైపు తిరిగి, విన్నారా, మీ మీద చర్య తీసుకుంటారట, మీరేమంటారు? ఇలా పుల్లలు పెట్టి పెట్టి, నిమిషాల్లో ఇద్దరినీ తిట్టుకునేదాకా, ఆ తర్వాత యుద్ధందాకా తీసుకెళ్తాడు. యుద్ధం అన్న మాట వినపడగానే ఆ యాంకర్ ముఖం చూడాలి. కొడుకు పుట్టాడని కబురు వచ్చినవాడికి కూడా అంత వెలుగు రాదు. క్షణంలో స్టూడియో మారిపోతుంది, యుద్ధానికి ప్రత్యేకమైన సంగీతం, బొమ్మలు, సిద్ధంగా ఉంచుకున్నట్టే బయటికి వస్తాయి. సరిహద్దు పట్టణం నుంచి విలేఖరి ప్రత్యక్ష ప్రసారం. ఆస్ట్రేలియాకు, హాంకాంగ్‌కు మధ్య వేల కిలోమీటర్ల సముద్రం తప్ప సరిహద్దేమీ లేదు. సరిహద్దు పట్టణం మాత్రం ఉంది.

ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు మన రాత్రి తొమ్మిది గంటల చర్చలు చూస్తుంటే ఆ భాగాన్ని ఎవరో పాఠ్యప్రణాళికలో పెట్టారేమో అనిపిస్తుంది.

అదే కార్యక్రమంలో మరో పాత్ర నాకు ఇష్టం. ఆర్థిక వ్యవహారాల విలేఖరి. జర్మనీ మంత్రితో నేనే స్వయంగా మాట్లాడానంటాడు. యాంకర్ తాపీగా, ఆయన అన్నమాట జర్మన్‌లోనే చెప్పండి అంటాడు. ఇతనికి జర్మన్ రాదు. నీళ్లు నమిలి, జర్మన్ లాంటి చప్పుడేదో చేస్తాడు. "విశ్వసనీయ వర్గాల సమాచారం" అనే మాట వెనక నిలబడ్డ మనిషిని అంత దగ్గరగా చూపించినవాళ్లు లేరు.

ఇక్కడ గమనించవలసింది వాళ్లు దేన్ని వదిలేశారన్నది. రక్తాన్నీ శవాలనూ నమ్ముకోలేదు. వార్త చదివే తీరును పొల్లుపోకుండా అనుకరించి, లోపలి సరుకును మాత్రం గాలి చేశారు. 2010లో చార్లీ బ్రూకర్ అనే వ్యంగ్య రచయిత బీబీసీ ఫోర్ ఛానల్‌లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. టీవీ వార్తాకథనం ఎలా ఉంటుందో వివరించే వార్తాకథనం చేశాడు. ఇప్పుడు నేను ఇలా నడుస్తూ చేతులు ఊపుతాను, ఇప్పుడు దారినపోయే వారి అభిప్రాయం వస్తుంది, అది చప్పగా ఉంటుంది, ఇలా ఉంటుంది వరస. అందులో వార్తే లేదు, చిత్రంగా చూస్తున్నంతసేపూ ఏదో తెలుసుకుంటున్నామనే అనిపిస్తుంది.

మరి సరుకునే మార్చి వ్యంగ్యం చేయబోయినవాళ్ల సంగతి? ఇక్కడ అమెరికాకు, చాలా వెనక్కి వెళ్లాలి. 1833లో న్యూయార్క్‌లో "సన్" అనే పత్రిక ఒక్క సెంటుకే వచ్చింది. మిగతావి ఆరు సెంట్లు. సెంటుకు అమ్మి బతకాలంటే వేల ప్రతులు పోవాలి, వేల ప్రతులు పోవాలంటే రోజూ ఒక వింత కావాలి. సంచలనం ఎవరి చెడు బుద్ధిలోంచో పుట్టలేదు, ఈ లెక్కలోంచి పుట్టింది. 1835 ఆగస్టులో ఆ పత్రిక ఆరు భాగాలుగా ఒక కథనం వేసింది. దక్షిణాఫ్రికా కేప్‌లో ఉన్న ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ పెద్ద దూరదర్శినితో చంద్రుణ్ణి చూశాడట. అక్కడ గబ్బిలపు రెక్కల మనుషులున్నారట, రెండు కాళ్ల మీద నడిచే బీవర్లనే నీటి జంతువులు ఉన్నాయట. జనం నమ్మారు, పత్రిక అమ్మింది. రాసినవాడు రిచర్డ్ ఆడమ్స్ లాక్. ఇది వ్యంగ్యమేనని అతను తర్వాత చెప్పుకున్నాడు. అప్పట్లో థామస్ డిక్ అనే పెద్దమనిషి చంద్రుడి మీద 420 కోట్ల మంది ఉంటారని గంభీరంగా లెక్కలు కట్టి పుస్తకాలు రాసేవాడు. అతణ్ణి ఎగతాళి చేయాలన్నది ఉద్దేశమట. కావచ్చు. కానీ వ్యంగ్యం ఎవరికీ అందలేదు, గబ్బిలం మనుషులు అందరికీ అందారు.

ఆ తర్వాత హాస్య రచయిత మార్క్ ట్వేన్. అప్పటికి అతనికి ఆ పేరు కూడా లేదు, శామ్యూల్ క్లెమెన్స్. 1862లో నెవాడాలోని వర్జీనియా సిటీలో "టెరిటోరియల్ ఎంటర్‌ప్రైజ్" పత్రికలో చేరాడు. వెండి గనుల ఊరు. ఆ రోజుల్లో రాయిగా మారిన జీవులు దొరికాయని పత్రికలు ఒకదాన్ని చూసి ఒకటి వేసేవి. ఈ పిచ్చిని చంపాలని అక్టోబరులో ఒక వార్త రాశాడు: కొండల్లో శిలగా మారిన మనిషి దొరికాడు. వందేళ్ల నాటి శరీరం, అవయవాలన్నీ చెక్కుచెదరలేదు. స్థానిక జడ్జి వెళ్లి పంచనామా జరిపి, చాలాకాలం ఎండకూ చలికీ పడి ఉండడం వల్ల మృతి చెందినట్టు తేల్చాడు. ఆ జడ్జి అంటే క్లెమెన్స్‌కు కిట్టేది కాదు, అందుకే పేరుతో సహా ఇరికించాడు. పూడ్చిపెడదామంటే కిందికి జారిన సున్నపు నీళ్లకు శరీరం బండకు అతుక్కుపోయింది. మందు పెట్టి పేల్చి తీద్దామని జనం అంటే, అది అపచారమని జడ్జి ఒప్పుకోలేదు.

ఇక ఆ మనిషి కూర్చున్న తీరు. దయచేసి మీ చేతులతో చేసి చూడండి, సిగ్గుపడకండి. కుడి బొటనవేలు ముక్కు పక్కన ఆనించండి. కానీ క్లెమెన్స్ దీని తర్వాత వెంటనే వేళ్ల సంగతి చెప్పలేదు. ఎడమ బొటనవేలు గడ్డానికి ఆసరాగా ఉందన్నాడు. ఎడమ చూపుడువేలు ఎడమ కంటి మూలను కొంచెం లాగి తెరిచి ఉంచిందన్నాడు. కుడి కన్ను మూసి ఉందన్నాడు. అప్పుడు, అన్నీ అయ్యాక, కుడిచేతి వేళ్లు విప్పారి ఉన్నాయన్నాడు. ఇప్పుడు మీ పక్కవారిని చూడండి. ముక్కు మీద బొటనవేలు పెట్టి వేళ్లు ఆడించడం వాళ్ల దేశంలో వెక్కిరింత. శవం పాఠకుణ్ణి చూసి కన్ను గీటుతూ వెక్కిరిస్తోంది! ముక్కలు ముక్కలుగా విడదీసి, మధ్యలో వేరే మాటలు చొప్పించి చెప్పాడు కాబట్టి ఎవరూ వాటిని కలిపి చూసుకోలేదు. ఇతర పత్రికలు యథాతథంగా ఎత్తి వేసుకున్నాయి.

మరుసటి ఏడాది, 1863 అక్టోబరు 28న, ఇంకా పెద్ద సాహసం చేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక నీటి సరఫరా కంపెనీ వాటాదారులకు దొంగ లాభాలు పంచి, షేర్ల ధర పెంచి, చివరికి ముంచింది. అక్కడి పత్రికలు నెవాడా గనుల కంపెనీలను తిడుతూ ఇంటి దొంగను వదిలేశాయి. వాళ్లను దెప్పాలి. ఏం చేశాడు? హాప్కిన్స్ అనేవాడు భార్యనూ ఏడుగురు పిల్లలనూ చంపి, తన గొంతు ఈ చెవి నుంచి ఆ చెవిదాకా కోసుకుని, గుర్రమెక్కి కార్సన్ పట్టణానికి వచ్చి సారాయి దుకాణం ముందు పడి చచ్చాడని రాశాడు. డబ్బంతా ఆ నీటి కంపెనీలో పోగొట్టుకుని మతి చెడిందని చివర్లో చేర్చాడు. అసలు దెబ్బ అది. అబద్ధమని తెలియడానికి గుర్తులు కూడా పెట్టాడు. ఎంపైర్ సిటీకీ డచ్ నిక్స్‌కీ మధ్య పెద్ద దేవదారు అడవి అన్నాడు. ఆ రెండూ ఒకే ఊరు, చుట్టూ పదిహేను మైళ్లలో చెట్టన్నది లేదు. గొంతు తెగినవాడు మైళ్ల దూరం స్వారీ ఎలా చేస్తాడని ఎవరికైనా అనుమానం రావాలి కదా. రాలేదు.

ఆ పొద్దున తను చూసిన దృశ్యాన్ని ట్వేన్ తర్వాత రాసుకున్నాడు. భోజనశాలలో ఎదురు బల్ల దగ్గర గడ్డి బండ్లు తోలుకొచ్చిన ఇద్దరు. ఒకడు పత్రిక మడతపెట్టి చదువుతున్నాడు, చేతిలో బంగాళాదుంప. చదివేకొద్దీ కళ్లు పెద్దవవుతున్నాయి. నోరు తెరుచుకుంది, దుంప పళ్లేనికీ నోటికీ మధ్య గాలిలో ఆగిపోయింది. ఆగి, చల్లారింది. చివరికి రెండోవాడితో ఆ ఘోరం చెప్పాడు, ఇద్దరూ టిఫిన్ వదిలేసి వెళ్లారు. వ్యంగ్యం మొదలయ్యే చోటిదాకా అతను చదవనే లేదని ట్వేన్ వాపోతాడు. ఎవరూ చదవలేదు. కాలిఫోర్నియా పత్రికలు ఆ హత్యాకాండను ఎత్తి ప్రచురించి, అబద్ధమని తెలిశాక మండిపడ్డాయి. ఒకటి రెండు రోజుల్లోనే ట్వేన్ "చెప్పిందంతా వెనక్కి తీసుకుంటున్నాను" అని వేసుకోవలసి వచ్చింది.

నేను ట్వేన్ భక్తుణ్ణి. అయినా ఇక్కడ అతని ఎత్తుగడే తప్పు. కారం వేసి కారాన్ని వెక్కిరించబోయాడు, తిన్నవాడికి నోరు మండింది తప్ప వెక్కిరింత తెలియలేదు. రక్తం వార్తను వెక్కిరించడానికి ఇంకో రక్తం వార్త రాస్తే, అది ముందు రక్తం వార్తగానే చదువుకుంటారు. చిన్న వయసు, ఇరవై ఏడేళ్లు, తన తెలివి మీద మోజు. ఇవాళ వాట్సాప్‌లో తిరిగే "వ్యంగ్య వార్తలు" చాలావాటిది ఇదే జబ్బు. కింద చిన్న అక్షరాల్లో "సరదాకే" అని ఉంటుంది, పై శీర్షిక ఫొటో తీసి పంపేటప్పుడు ఆ అక్షరాలు తెగిపోతాయి. 2012లో అమెరికన్ వ్యంగ్య పత్రిక "ది ఆనియన్" ఉత్తర కొరియా అధినేతను ప్రపంచంలోకెల్లా ఆకర్షణీయమైన పురుషుడని ప్రకటిస్తే, చైనా అధికార పత్రిక "పీపుల్స్ డెయిలీ" వెబ్‌సైటు నమ్మి 55 ఫొటోలతో పండగ చేసుకుంది.

మోరిస్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అతను తర్వాత చేసినదాని మీద నాకు కొంత ఇబ్బంది ఉంది. 1997లో ఛానల్ 4లో "బ్రాస్ ఐ" అని ఇంకో కార్యక్రమం చేశాడు. అందులో లేని మత్తుమందు ఒకదాన్ని సృష్టించి దానికి "కేక్" అని పేరు పెట్టాడు. పేరున్నవాళ్లను పిలిచి, పిల్లలను కాపాడండి అని ప్రచారం చేయమన్నాడు. వాళ్ల చేతికిచ్చిన కాగితంలోనే ఇది "కల్పిత" మందు అని ఉంది. గంభీరంగా చదివేశారు. ఒక ఎంపీ అయితే పార్లమెంటులోనే ప్రశ్న వేశాడు. భయం పుట్టించే వార్త నడిచే దారి మొత్తం బయటపడింది: ఎవరూ కాగితం చదవరు, కెమెరా ముందు మంచివాళ్లుగా కనబడితే చాలు. అయినా మోసపోయినవాళ్లలో కొందరు నిజంగానే పిల్లల కోసమని వచ్చి ఉండవచ్చు. వాళ్ల ముఖాలు చూసి నవ్వుతున్నప్పుడు నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది.

2001లో అదే పేరుతో పిల్లలపై లైంగిక నేరాల విషయంలో పత్రికలు రేపే భయాందోళన మీద ప్రత్యేక భాగం వచ్చింది. దేశమంతా గొడవ. టాబ్లాయిడ్లు, అంటే సంచలనం అమ్ముకునే పత్రికలు, నిప్పులు చెరిగాయి. వాటిలో ఒకటి ఈ కార్యక్రమం సిగ్గుచేటని వేసిన పేజీలోనే, ఆ కథనం పక్కనే, పదిహేనేళ్ల గాయని ఫొటో వేసి ఆమె శరీరం ఎదిగిందని వ్యాఖ్య రాసింది. ఆ పేజీని ఏ హాస్య రచయితా కల్పించలేదు.

మన దగ్గరికి వద్దాం. తెలుగులో పత్రికా వ్యంగ్యానికి వయసు తక్కువేమీ కాదు. వీరేశలింగం గారి "హాస్య సంజీవని" 1876 నాటిది. అయితే ఆ బాణాలు లంచగొండుల మీదికీ మూఢాచారాల మీదికీ వెళ్లాయి, వార్త తనను తాను చూసి నవ్వుకోవడం మనకు బాగా ఆలస్యంగా వచ్చింది. వీ6 తీన్మార్ వార్తలు వచ్చినప్పుడు జనం ఎందుకు అంత హత్తుకున్నారు? తెలంగాణ నుడి ఒక కారణం, బిత్తిరి సత్తి వంటి పాత్రలు ఒక కారణం. నాకు కనబడిన మూడో కారణం గొంతు. రచ్చబండ మీద పక్కన కూర్చున్న మనిషి చెప్పినట్టు వార్త చెప్పారు. అది విని ఛానల్ మార్చితే, మిగతా బులెటిన్లు ఎందుకు ఇంతగా అరుస్తున్నాయా అనిపించేది. ఎవరినీ పేరు పెట్టి ఎగతాళి చేయకుండానే ఆ పని జరిగిపోయింది.

ఇక 2018 ఫిబ్రవరి. శ్రీదేవి దుబాయ్ హోటల్లో చనిపోయారు. మొదట గుండెపోటు అన్నారు, తర్వాత స్నానపు తొట్టిలో ప్రమాదవశాత్తు మునగడం అని అక్కడి అధికారులు తేల్చారు. ఆ రెండింటి మధ్య మన దేశపు ఛానళ్లు ఏం చేశాయో మీలో చాలామంది చూసే ఉంటారు. తెర మీద తొట్టి బొమ్మ గీసి, దాని పక్కన యాంకర్లను నిలబెట్టారు. ఒక తెలుగు ఛానల్ ప్రతినిధి తానే తొట్టిలోకి దిగి పడుకుని, ఎలా జరిగి ఉంటుందో చూపించాడు. ఇప్పుడు చెప్పండి, మోరిస్ వచ్చినా ఇంకేం చేర్చగలడు?

ఇలాంటి చోట అనుకరణ పనికిరాదు, వాళ్లే అనుకరణ పూర్తి చేసి పెట్టారు. అమెరికాలో జాన్ స్టూవర్ట్ అనే హాస్య వ్యాఖ్యాత "డెయిలీ షో" అనే వ్యంగ్య వార్తల కార్యక్రమంలో వేరే దారి పట్టాడు. ఛానల్ ముక్కను అలాగే వేస్తాడు. పది మంది యాంకర్లు ఒకే మాటను ఒకే ఆవేశంతో అన్న పది ముక్కలు వరసగా అతికిస్తాడు. వేశాక కెమెరాకేసి చూస్తాడు, ఏమీ అనడు. నవ్వు ఆ మౌనంలో వస్తుంది. మీలో ఎడిటింగ్ నేర్చుకుంటున్నవారికి ఒక మాట: ఆ పనికి ప్రతిభ కన్నా ఓపిక ఎక్కువ కావాలి. రోజంతా ఛానళ్లు చూసి రాసి పెట్టుకునేవాళ్లు ఉండాలి. ఇంకొకటి, తొట్టిలో పడుకున్న మైకు మీద నవ్వండి. ఆ ఇంట్లో ఏడుస్తున్న పిల్లల దృశ్యం మీ ముక్కల్లోకి రానివ్వకండి, వెక్కిరించడానికైనా సరే. అది చూపిస్తే మీరూ వాళ్ల పక్కన క్యూలో నిలబడ్డట్టే.

ప్రశ్నలు తీసుకుంటాను. ఆఁ, చెప్పమ్మా.

ఈ అమ్మాయి అడిగేది, ఇన్ని నవ్వుల వల్ల ఏ ఛానలైనా మారిందా అని. మంచి ప్రశ్న. ఒక్క ఉదాహరణ చెబుతాను. సీఎన్ఎన్‌లో "క్రాస్‌ఫైర్" అని రాజకీయంగా ఎడమ వైపు ఒకరు, కుడి వైపు ఒకరు కూర్చుని అరుచుకునే కార్యక్రమం ఉండేది. 2004 అక్టోబరులో స్టూవర్ట్‌ను అతిథిగా పిలిచారు, జోకులు వేస్తాడని. అతను జోకులు మానేసి, మీరు దేశానికి హాని చేస్తున్నారు, దయచేసి ఆపండి అని బతిమాలాడు. వ్యాఖ్యాతలు నవ్వించమన్నారు, అతను వినలేదు. మూడు నెలలు తిరక్కుండా 2005 జనవరిలో, ఆ కార్యక్రమం ఆపేస్తున్నామని సీఎన్ఎన్ ప్రకటించింది. స్టూవర్ట్ వాదనతో తాను ఏకీభవిస్తున్నానని ఛానల్ అధిపతే చెప్పాడు.

చప్పట్లు అప్పుడే వద్దు. 2013లో అదే పేరుతో, అదే పద్ధతిలో దాన్ని మళ్లీ మొదలుపెట్టారు. జనం పెద్దగా చూడలేదు. మరుసటి ఏడాది మూసేశారు.